మంచు బండికి పూజ

డెబ్భైల చివర అమెరికాలో, పిస్కాటవే ఊళ్ళో కారు కొన్న తెలుగువాళ్ళలో మా ఇంటికి రానివాళ్ళు చాలా తక్కువ. డీలర్ దగ్గర తాళాలు తీసుకుని తిన్నగా మా డ్రైవ్‌వేలోకే వచ్చేవాళ్ళు. అప్పట్లో గుడికి వెళ్ళాలంటే న్యూయార్క్‌లో ఫ్లషింగ్ దాకా పోవాలి. పూజ చేయించని కొత్త కారుని అంత దూరం తోలడానికి మనవాళ్ళకి ధైర్యం చాలదు. కాబట్టి ముందు మా ఇంటికి, తర్వాతే ఎక్కడికైనా.

ఆ పూజ చేసేది మా ఆయన శ్యామ్‌సుందర్. మందుల కంపెనీలో కెమిస్టు. పురోహితుడు కాదు, ఆ మాట ప్రతి పూజకి ముందూ ఆయనే చెప్పేవారు. చిన్నప్పుడు వాళ్ళ తాతగారి దగ్గర విన్న శ్లోకాలు నాలుగు, క్యాసెట్ పెట్టుకుని నేర్చుకున్నవి నాలుగు, అంతే ఆయన చదువు. బానెట్ మీద స్వస్తిక్ గీయబోతే మొదటిసారే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. పక్కింటివాళ్ళు యూదులు, వాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? దాంతో ఆయన తనకంటూ ఒక గుర్తు పెట్టుకున్నారు. పసుపుతో నిలువుగా ఒక గీత, దాని మధ్యలో కుంకుమ బొట్టు. ఆ గీత ఉన్న కారు కనిపిస్తే మన ఊరివాళ్ళదే అని రూట్ వన్ హైవే మీద కూడా చెప్పేయొచ్చు.

మా అబ్బాయి రాజ్‌ది నిమ్మకాయల డ్యూటీ. నాలుగు చక్రాల కిందా నాలుగు పెట్టి పక్కకి పరిగెత్తేవాడు. వాడు అమెరికాలోనే పుట్టాడు, వాడికది పెద్ద ఆట. కొబ్బరికాయ కొట్టేటప్పుడు మాత్రం మేమందరం దూరంగా నిలబడేవాళ్ళం. ఆయన గురి అంత గొప్పది. ఒకసారి చిప్ప ఎగిరి రవికుమార్ కొత్త డాట్సన్ తలుపుకి సొట్ట పెట్టింది. అదే డాట్సన్‌కి తర్వాత జింక అడ్డం పడి ముందు భాగమంతా పోతే నేను ఊరుకుంటానా, "మీ పూజ బాగానే పనిచేసిందండీ" అన్నాను. ఆయనకి కోపం రాలేదు. "కారు పోయింది, రవి నడిచి ఇంటికొచ్చాడు కదా. నేను కారు కోసం చేస్తానా ఏమిటి?" అన్నారు.

ఆయన గురించి ఇంకొక్కటి చెప్పాలి. ఆయనకి అబద్ధం ఆడటం చేతకాదు. ఒకసారి ఇండియా నుంచి వస్తున్నప్పుడు మా అమ్మ పెట్టిన ఆవకాయని చీరల మధ్య దాచుకుని తెచ్చాను. కస్టమ్స్ ఆఫీసరు ఏదో మామూలుగా, పైపైన అడిగాడు. నేను లేదని తల ఊపుతుంటే ఈయన ముందుకొచ్చి "ఉంది సార్, మామిడికాయ, ఈ పెట్టెలో కుడివైపు" అన్నారు. నా కళ్ళ ముందే జాడీని చెత్తబుట్టలో వేశారు. ఇంటికొచ్చేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. "అడిగితే ఏం చెప్పను శశీ, ముఖంలో తెలిసిపోతుంది" అని దారిపొడుగునా గొణుగుతూనే ఉన్నారు.

ఎనభై ఐదు నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకి రాజ్ కాలేజీ నుంచి ఇంటికొచ్చాడు. న్యూయార్క్ రాష్ట్రంలో బాగా ఉత్తరాన ఇంజినీరింగ్ చదువుతున్నాడు. గడ్డం కింద చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. షేవింగ్ చేసుకుంటుంటే కోసుకుందన్నాడు. అంత వెడల్పున ఎవరు కోసుకుంటారు? నేను వదల్లేదు. రెండో రోజు అన్నం దగ్గర కూర్చోబెట్టి గట్టిగా అడిగితే అప్పుడు బయటపెట్టాడు.

మంచు కొండ మీద గట్టిగా గడ్డకట్టించిన కాలవ లాంటి దారి ఉంటుందట. అందులో చిన్న స్లెడ్డు మీద బోర్లా పడుకుని, తల ముందుకి పెట్టి, కిందిదాకా జారుతారట. గడ్డం నేలకి బెత్తెడు ఎత్తులో ఉంటుందట. హైవే మీద కారు ఎంత జోరుగా పోతుందో అంత జోరు. ఆ ఆటని స్కెలిటన్, అంటే అస్థిపంజరం, అంటారని చెప్పేసరికి నా చేతిలో గరిటె పప్పులో పడిపోయింది.

మా ఆయన తినడం ఆపేశారు. తర్వాత అడిగారు.

"బ్రేకులు ఎక్కడుంటాయి?"

"బ్రేక్ ఉండదు డాడీ."

"మరి స్టీరింగ్?"

"అది కూడా లేదు. షోల్డర్స్‌తో, నీస్‌తో ప్రెస్ చేస్తే టర్న్ అవుతుంది."

ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ బ్రేకులకీ స్టీరింగులకీ బొట్లు పెట్టిన మనిషి. చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయారు. కడుపున పుట్టినవాడు రెండేళ్ళుగా తలకాయ ముందు పెట్టుకుని కొండ మీంచి జారుతుంటే, నేను ఇక్కడ వాడు సరిగ్గా తింటున్నాడో లేదో అని బాధపడుతున్నాను.

మర్నాడు తండ్రీ కొడుకులు గరాజ్‌లో నిలబడి ఒక ఒప్పందానికి వచ్చారు. ఫిబ్రవరిలో వాడు ప్రాక్టీస్ చేసే కొండ ఊళ్ళోనే అంతర్జాతీయ పోటీ ఉంది. యూరప్ నుంచి గొప్ప గొప్ప ఆటగాళ్ళు వస్తున్నారు. అందులో మొదటి ఆరుగురిలో వస్తే కోచ్ వచ్చే ఏడాది వాణ్ణి టీమ్‌తో యూరప్ తీసుకెళ్తాడు. రాకపోతే స్లెడ్డు అమ్మేసి మళ్ళీ ఆ మంచు వైపు చూడనని రాజ్ మాటిచ్చాడు. "ఓడిపోతే మానేస్తాను డాడీ, ప్రామిస్" అన్నాడు. అన్నాడే గానీ వాడి కళ్ళు చూస్తే ఆ ఆట లేకుండా ఎలా బతుకుతాడా అనిపించింది. ఈయన సరేనన్నారు.

ఫిబ్రవరిలో మేమిద్దరం స్టేషన్ వ్యాగన్ వేసుకుని ఆ ఊరు వెళ్ళాం. పోటీ రెండు రోజులు. రోజుకి రెండుసార్లు జారాలి, నాలుగు టైములూ కలిపి లెక్కేస్తారు. మమ్మల్ని ఒక మలుపు దగ్గర చెక్క కంచె వెనక నిలబెట్టారు. ముందు దూరంగా ఏదో గరగరమని చప్పుడు వినిపిస్తుంది. అది ఏమిటో తెలిసేలోపే ఒక మనిషి తలకాయ ముందుకి పెట్టుకుని మన మోకాళ్ళ ఎత్తున దూసుకుపోతాడు. వెళ్ళాక మంచు పొడి మాత్రం మిగులుతుంది. మొదటివాణ్ణి చూడగానే నేను కెవ్వుమన్నాను. పక్కనున్న అమెరికన్ ఆవిడ నా భుజం తట్టి కాఫీ ఇచ్చింది.

రాజ్ కంటే ముందు దిగిన స్విట్జర్లాండ్ కుర్రాడు మా మలుపులోనే పల్టీ కొట్టాడు. స్లెడ్డు ఒకవైపు, మనిషి ఒకవైపు. హెల్మెట్ గోడకి తగిలిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తీసుకెళ్ళారు. ఆ తర్వాత మావాడి పేరు పిలిచారు. నేను కళ్ళు మూసుకున్నాను. ఈయన మాత్రం రెప్పవెయ్యకుండా చూశారట. నేను కళ్ళు తెరిచేసరికి రాజ్ వెళ్ళిపోయాడు. ఈయన కంచెని పట్టుకున్న చెయ్యి మాత్రం వదలడం లేదు.

సాయంత్రానికి రాజ్ ఏడో స్థానంలో ఉన్నాడు. ఆరోవాడికీ వీడికీ తేడా రెప్పపాటు కూడా లేదు. వాడి ముఖంలో ఆ వెలుగు నేనెప్పుడూ చూడలేదు. "రేపు పట్టేస్తా అమ్మా" అని మోటెల్ గదిలో అటూ ఇటూ తిరిగాడు. వాడు టీమ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళాక ఈయన నాతో అన్నారు. "ఆడనీ శశీ. ఇంత ఇష్టమైనది నా జీవితంలో నాకెప్పుడూ దొరకలేదు. వాడికి దొరికింది. కానీ బ్రేకు లేని బండికి పూజ లేకుండా ఎలా?"

నేను నవ్వాను. ఈయన నవ్వలేదు.

మర్నాడు పొద్దున ఆటగాళ్ళందరూ కోచ్‌లతో కలిసి దారి చూడ్డానికి కొండ మీదికి నడిచి వెళ్ళారు. స్లెడ్డులన్నీ పైన ఒక రేకుల షెడ్డులో, చెక్క స్టాండ్ల మీద వెల్లకిలా పెట్టి ఉన్నాయి. కుటుంబాలవాళ్ళు వెళ్ళి చూడొచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. మేం వెళ్ళేసరికి అక్కడెవరూ లేరు. రాజ్ స్లెడ్డు నీలం రంగుది, పేరు రాసి ఉంది. కింద ఉండాల్సిన రెండు ఉక్కు కడ్డీలు పైకి తిరిగి మెరుస్తున్నాయి. వాటిని రన్నర్లంటారు. మంచుని తాకేవి అవే.

"ఇవే దీనికి చక్రాలు" అన్నారు మా ఆయన, ఎంతో తృప్తిగా.

బ్యాగులోంచి పసుపు, కుంకుమ, కర్పూరం, నిమ్మకాయలు తీశారు. పంచపాత్రలో నీళ్ళు చూస్తే గడ్డకట్టి ఉన్నాయి. వేలుతో పొడిచి చూశారు, కదల్లేదు. నా దీపం నూనె సీసా అడిగి తీసుకుని అరచేతిలో నువ్వులనూనె పోసి అందులోనే పసుపు కలిపారు. కారుకైతే చక్రానికొక బొట్టు చాలు. ఇక్కడ బ్రేకులు లేవు కదా, ఆయనకి బొట్టుతో తృప్తి కలగలేదు. రెండు కడ్డీలకీ ఈ చివర నుంచి ఆ చివర దాకా బొటనవేలితో పసుపు పూసుకుంటూ వెళ్ళారు. తర్వాత స్లెడ్డుని కాస్త ఎత్తి, రాజ్ గడ్డం వచ్చే చోట తన గుర్తు పెట్టారు. నిలువుగా గీత, మధ్యలో కుంకుమ బొట్టు. కర్పూరం వెలిగించి పళ్ళెం నా చేతికిచ్చారు. నేను ఆ కడ్డీలకి హారతిచ్చాను.

ఆయన కళ్ళు మూసుకుని ఏం మొక్కుకున్నారో నాకు వినిపించింది. "గెలిపించమని అడగను. కింద దాకా వెళ్ళాక లేచి నిలబడాలి, అంతే." నాకు ఏడుపొచ్చింది. నిమ్మకాయలు జేబులో వేసుకుని బయటికొచ్చాం. ఏదో బరువు దిగినట్టు ఆయన కాఫీ కూడా అడిగి తాగారు.

మీలో ఎవరికైనా ఆ ఆట తెలిసుంటే ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. మాకు తెలియదు. రన్నర్లకి నూనె తగలకూడదు, వేడి తగలకూడదు. రెండూ జోరు పెంచుతాయి, కాబట్టి రెండూ మోసమే. దిగే ముందు, ఆటగాళ్ళు ఇంకా స్లెడ్డు ముట్టకముందే, ఒక మనిషి తెల్లటి గుడ్డతో ప్రతి స్లెడ్డు రన్నర్లనీ తుడిచి చూస్తాడు. రాజ్ స్లెడ్డుని తుడిచి, ఆ గుడ్డని వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాడు. పచ్చగా, నూనె ఓడుతూ ఉంది.

మేం షెడ్డు వాకిట్లో నిలబడి చూస్తున్నాం. నాకేమీ అర్థం కాలేదు. రాజ్ ఆ గుడ్డ వంక చూశాడు, స్లెడ్డు వంక చూశాడు. "నేను చెయ్యలేదు సర్, ఐ డిడ్ నాట్ టచ్ ఇట్" అని ఒకటే మాట. పోటీలోంచి తీసేస్తున్నామని చెప్పి ఆ గుడ్డ పట్టుకున్నతను వాడి పేరు మీద గీత కొట్టాడు. మా చేతులతో, మా నూనెతో, మా హారతితో వాడి గొంతు కోశామని అప్పుడు తెలిసింది.

కోచ్ పెద్దాయన, ఎప్పుడూ పైపు నోట్లో పెట్టుకుని ఉంటాడు. మమ్మల్ని పక్కకి తీసుకెళ్ళి ఉన్నమాట చెప్పాడు. ముగ్గురు న్యాయనిర్ణేతలున్నారు, గట్టి మనుషులు. మేలు చెయ్యాలని ఇంట్లోవాళ్ళు గానీ టీమ్‌వాళ్ళు గానీ పూస్తే, ఆటగాడికి తెలిసినా తెలియకపోయినా వాడు పోటీలో ఉండడు. అది తెలియక చేసిన పనైనా సరే, దేవుడి పనైనా సరే. అలాకాక చెడగొట్టాలని ఎవరైనా చేసుంటే ఆటగాడి తప్పు కాదు, శుభ్రం చేసుకుని ఆఖర్న దిగొచ్చు. "ఈ కుర్రాడు ఓడిపోవాలని కోరుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు కోచ్.

లేరు, అది పూజ, మా ఆచారం అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఈయన నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కారంటే గాజు చిట్లింది. నన్ను వదిలేసి తిన్నగా ఆ ముగ్గురి గదిలోకి నడిచారు. నేనూ రాజ్ వెనకే పరిగెత్తాం.

"నేనే చేశాను" అన్నారు మా ఆయన.

ముగ్గురిలో పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "మీరెవరు?"

"వాడి తండ్రిని. ఈ ఆట నాకిష్టం లేదు. ఓడిపోతే మానేస్తానని వాడు నాకు మాటిచ్చాడు. కావాలంటే వాణ్ణే అడగండి. అందుకని పొద్దున షెడ్డులోకి వెళ్ళి నా దగ్గరున్న రంగుపొడి నూనెలో కలిపి పూశాను. పట్టుకుంటారని తెలిసే పూశాను."

ఆవకాయ జాడీ దాచలేని మనిషి. ముఖంలో తెలిసిపోతుందనే మనిషి. గొంతు తడబడలేదు, కన్ను వాలలేదు. ఆ ముగ్గురూ రాజ్ వైపు తిరిగి, నిజంగా అలా మాటిచ్చావా అని అడిగారు. రాజ్ తండ్రి ముఖంలోకే చూస్తున్నాడు. చూపు తిప్పకుండానే "యెస్ సర్, ప్రామిస్ చేశాను" అన్నాడు.

"సొంత కొడుక్కి ఇలా ఎలా చేశావయ్యా?" అన్నాడు పెద్దాయన. ఆ మాటకి మాత్రం ఈయన తల దించుకున్నారు. వాళ్ళు దాన్ని సిగ్గనుకున్నారు. రాజ్ దిగొచ్చని తీర్పు చెప్పి, ఈయన్ని మైదానం గేటు దాటించి పార్కింగ్ లాట్‌లో వదిలిరమ్మని ఒక మనిషిని పంపారు. ఆ పంపడం కూడా చేతులు పట్టుకుని, అందరి ముందు నుంచీ. అది చాలదన్నట్టు లౌడ్‌స్పీకర్‌లో చదివారు. అమెరికా ఆటగాడి స్లెడ్డుని అతని తండ్రే పాడుచేసినట్టు ఒప్పుకున్నాడు, ఆటగాడు పోటీలో కొనసాగుతాడు అని. జనం ఛీ ఛీ అన్నారు. నిన్న నాకు కాఫీ ఇచ్చినావిడ నా పక్కనుంచి జరిగి దూరంగా వెళ్ళి నిలబడింది. నాకు ఆ లౌడ్‌స్పీకర్ తీగలు పీకెయ్యాలనిపించింది.

రాజ్ ఎవరినీ రానివ్వకుండా స్లెడ్డు తనే శుభ్రం చేసుకున్నాడు. వాళ్ళు మళ్ళీ తుడిచి చూసి సరేనన్నారు. అందరికంటే ఆఖర్న దిగాడు. అప్పటికి మంచంతా గీతలు పడి గరుకుగా ఉందట. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు. మొగుడు అంత పని చేశాక కళ్ళు మూసుకునే హక్కు నాకెక్కడిది? గరగరమన్న చప్పుడు వచ్చింది, నీలం స్లెడ్డు గోడ ఎక్కింది, దిగింది, పోయింది. రెండోసారీ అంతే. వాడి ముందున్న ఇద్దరు మలుపుల్లో గోడలకి రాసుకుని వెనకబడ్డారు.

ఫలితాలు చదివారు. మొదటివాడు ఆస్ట్రియా, రెండూ మూడూ స్విట్జర్లాండ్, నాలుగోవాడు పశ్చిమ జర్మనీ. ఐదు, రాజ్. ఆ మాట గేటు అవతల ఈయనకి కూడా వినిపించి ఉంటుంది. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆయన వ్యాగన్ బానెట్‌కి ఆనుకుని, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడుస్తున్నారు.

రాజ్ టీమ్ వ్యాన్ ఎక్కడానికి మా ముందునుంచే వెళ్ళాడు. నన్ను కావలించుకున్నాడు. తండ్రి వైపు చూడలేదు.

కారు కదిలాక నేను అరిచాను. వాడికి నిజం చెప్పి తీరతానన్నాను, ఇప్పుడే వెనక్కి తిప్పమన్నాను. ఈయన రోడ్డు పక్కన ఆపి, నా చెయ్యి తీసి తన నెత్తిమీద పెట్టుకున్నారు. "ఒట్టు వెయ్యి శశీ. వాడికి తెలిస్తే వాడు ఊరుకోడు. నా కొడుకు కదా, వెళ్ళి చెప్పేస్తాడు. చెబితే ఆ ఐదు పోతుంది." వేశాను. వెయ్యకుండా ఉండాల్సిందని ఆ తర్వాత మూడేళ్ళూ రోజూ తిట్టుకున్నాను, ఆయన్నీ నన్నూ.

ఆ పోటీ చూడ్డానికి ఆల్బనీ నుంచి రవికుమార్ కూడా వచ్చాడని మాకు తెలియదు. ఉద్యోగం అక్కడికి మారి వెళ్ళినా, పాత పరిచయాలన్నీ పిస్కాటవేలోనే. లౌడ్‌స్పీకర్ మాట విని ఇంటికెళ్ళి ఫోన్లు చేశాడు. మేం తిరిగొచ్చేసరికి ఊరంతా తెలిసిపోయింది. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. కొత్త కార్లు మాత్రం మా డ్రైవ్‌వేలోకి రావడం మానేశాయి. కన్నకొడుకు బండినే పాడుచేసిన చేతులతో ఎవరు బొట్టు పెట్టించుకుంటారు? మా వీధి చివర ఉండే దామోదర్ కొత్త టయోటా మా ఇంటి ముందునుంచి వెళ్తూ కాస్త నెమ్మదించి, మళ్ళీ జోరందుకోవడం నేను కిటికీలోంచి చూశాను. ఈయన ముందుగదిలో పేపరు చదువుకుంటున్నారు. ఎవరి కారని కూడా అడగలేదు.

రాజ్ మూడు చలికాలాలు యూరప్‌లో ఆడాడు. పెద్దగా గెలిచిందేం లేదు. కానీ ఫోన్‌లో వాడి గొంతు వింటే చాలు, వాడు సంతోషంగా ఉన్నాడని తెలిసేది. ఫోన్ ఈయన ఎత్తితే "అమ్మ ఉందా?" అనేవాడు. ఈయన రిసీవర్ నాకిచ్చి పక్కనే నిలబడేవారు. నేను పెట్టేశాక "దెబ్బలేం తగల్లేదుగా?" అని అడిగేవారు. తగల్లేదంటే వెళ్ళి పడుకునేవారు.

ఎనభై తొమ్మిది వేసవిలో రాజ్ ఆట మానేసి మా పక్క ఊరు ఎడిసన్‌లో ఉద్యోగంలో చేరాడు. ఇక ఆడనని వాడంతట వాడే చెప్పాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని నేను వేసిన పెసరట్టు తింటున్నాడు. ఈయన పెరట్లో టమాటా మొక్కలకి నీళ్ళు పెడుతున్నారు. ఆట అయిపోయింది, ఇంక ఒట్టేమిటి, ఆ మనిషి ఇంకా ఎన్నాళ్ళు మొయ్యాలి అనిపించింది నాకు. స్టవ్ ఆపేశాను.

"ఒరేయ్, ఆ రోజు మీ డాడీ చేసింది..."

"పూజ కదా అమ్మా" అన్నాడు, తల ఎత్తకుండా.

నేను అట్లకాడతోనే వాడి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నాకు తెలుసు. ఆ రోజే తెలుసు. రన్నర్స్ క్లీన్ చేస్తుంటే నా చిన్ పెట్టే ప్లేస్‌లో కనపడింది, ఆ లైన్, ఆ రెడ్ డాట్. ఎన్ని కార్లకి చూశాను! పాడుచేసేవాళ్ళు బొట్టు ఎందుకు పెడతారు? రన్నర్స్ ఒక్కటే క్లీన్ చేశా. అది తుడవలేదు. రెండు రన్స్ దానిమీదే చిన్ పెట్టుకుని వచ్చా."

"మరి మూడేళ్ళు..." అన్నాను. "మూడేళ్ళు ఆయన్ని అలా ఎలా వదిలేశావురా?"

"ఫస్ట్, చెప్తే రిజల్ట్ పోతుందని. ఆయన అంత ఇన్సల్ట్ పడింది దానికోసమే కదా. తర్వాత..." పెసరట్టు పక్కకి నెట్టేశాడు. "తర్వాత సిగ్గేసింది అమ్మా. ఆ రూమ్‌లో ఆయన అబద్ధం చెప్తుంటే నాకు డౌట్ వచ్చింది. కానీ నాకు దిగాలని ఉంది. ఊరుకున్నా. ఇంక ఆయన ఫేస్ చూడటం నావల్ల కాలేదు."

కొడుకు తనని అసహ్యించుకుంటున్నాడని ఆయన, తండ్రి ముఖం చూసే మొహం తనకి లేదని వీడు. మధ్యలో రిసీవర్ అందిస్తూ నేను! నాకు ఎంత కోపం వచ్చిందంటే, చేతిలో అట్లకాడతోనే వెనక తలుపు తీసి అరిచాను.

"ఏమండీ! లోపలికి రండి! మీవాడికి అంతా తెలుసట! ఆ రోజే తెలుసట!"

ఆయన పైపు అక్కడే పడేసి వచ్చారు. చెప్పులకి బురదతోనే వంటింట్లోకి వచ్చి నిలబడ్డారు. ఒకసారి నా వంక చూశారు, ఒకసారి వాడి వంక. మూడేళ్ళ తర్వాత వాడు తండ్రి కళ్ళలోకి చూశాడు. "డాడీ, ఐ యామ్ సారీ" అనబోయి పూర్తిచెయ్యలేక ఆయన రెండు చేతులూ పట్టుకుని వాటిలో ముఖం పెట్టుకున్నాడు.

ఆయన చేతులు విడిపించుకున్నారు. వెనక్కి వెళ్ళి, నేను బార్లా తెరిచిన తలుపు చప్పుడు కాకుండా మూశారు. గొళ్ళెం కూడా పెట్టారు. వాడి దగ్గరికొచ్చి, తల మీద చెయ్యి వేసి, గొంతు బాగా తగ్గించి అడిగారు.

"ఇంకెవరితోనూ అనలేదు కదరా? తెలిస్తే నీ ఐదో స్థానం తీసేస్తారు."